టీకా కార్డు లేని పిల్లలకు అడ్మిషన్ ఆపొచ్చా? ఆపాలా?

కృష్ణాతీరం (ప్రశ్న)

మాది గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు బడి, నర్సరీ నుంచి పదో తరగతి దాకా. వచ్చే అడ్మిషన్లకి "టీకాలన్నీ వేయించినట్టు కార్డు చూపిస్తేనే సీటు" అని ఫారంలో ఒక లైను చేర్చాలని తల్లిదండ్రుల కమిటీలో సగంమంది పట్టుబడుతున్నారు. మిగతా సగం "మా పిల్లల ఒంట్లోకి ఏం ఎక్కించాలో బడి చెబుతుందా" అని గట్టిగా ఎదురు తిరుగుతున్నారు. వీళ్లలో టీకాలంటేనే గిట్టనివాళ్లు ఇద్దరో ముగ్గురో. ఎక్కువమంది తమ పిల్లలకి అన్నీ వేయించినవాళ్లే, బలవంతం మాత్రం ఒప్పుకోరు. ఆ తేడాని కమిటీ పట్టించుకోవడం లేదు.

నోట్ రాసే పని నాకు అప్పజెప్పారు. చట్టం బడికి ఈ అధికారం ఇస్తుందా? టీకాలన్నిటినీ ఒకే గాటన కట్టి తప్పనిసరి అనడం సబబేనా? వద్దనే తల్లిదండ్రులతో ఏం చేయాలి? సుప్రీంకోర్టు 2022లో ఎవరినీ బలవంతం చేయకూడదంది కాబట్టి ఇక చర్చే లేదని ఒకాయన వాదన. అది నిజమేనా? వాట్సాప్ ఫార్వర్డులు వద్దండీ, విషయం తెలిసినవాళ్లు చెప్పండి.

లాపాయింట్

చర్చ లేదనడం సరికాదండీ. ఆ తీర్పుని రెండు పక్షాలవాళ్లూ చెరి సగమే చదువుతున్నారు.

అది జాకబ్ పులియేల్ కేసు, 2022 మే 2న జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్ ఇచ్చారు. మన ఒంటి మీద మనకున్న హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగం, కాబట్టి ఎవరినీ పట్టుకుని టీకా వేయకూడదు అన్నారు. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. ఆ వెంటనే ఇంకో మాట ఉంది: ప్రజల ఆరోగ్యం కోసం ప్రభుత్వం వ్యక్తుల హక్కులకి కొన్ని హద్దులు పెట్టొచ్చు, కాకపోతే ఆ హద్దులు 2017 నాటి పుట్టస్వామి తీర్పు (గోప్యత ప్రాథమిక హక్కే అన్నది) చెప్పిన మూడు పరీక్షలకీ నిలబడాలి. దాని వెనక ఒక చట్టం ఉండాలి. నిజమైన అవసరం ఉండాలి. పెట్టిన ఆంక్ష ఆ అవసరాన్ని మించిపోకూడదు.

కోవిడ్ టీకా వేసుకోనివాళ్లని బహిరంగ స్థలాలకి రానివ్వకుండా పెట్టిన ఆంక్షలు ఈ మూడో పరీక్షలో ఓడిపోయాయి. వేసుకోనివాళ్ల నుంచి, వేసుకున్నవాళ్ల నుంచి కంటే ఎక్కువగా వైరస్ వ్యాపిస్తుందని చూపించే సమాచారం ఏదీ ప్రభుత్వాలు కోర్టు ముందు పెట్టలేదు. తీర్పు నిలబడింది ఆ లోటు మీద. తాము చెప్పింది ఆనాటి కోవిడ్ పరిస్థితికే అని కోర్టు స్పష్టంగానే రాసింది. తట్టు టీకా గురించో, కంఠసర్పి (డిఫ్తీరియా) టీకా గురించో అందులో తీర్పేమీ లేదు.

మీ కమిటీకి ఇంకా దగ్గరగా ఉండేది ఢిల్లీ హైకోర్టు 2019 జనవరి ఉత్తర్వు. అక్కడ బడిపిల్లలందరికీ తట్టు-రుబెల్లా టీకా, అంటే ఎంఆర్, తల్లిదండ్రుల అనుమతి అడగకుండానే వేసేద్దామని ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. కోర్టు ఒప్పుకోలేదు. అనుమతి అడగాల్సిందే, పైగా ప్రకటనల్లో లాభాలు మాత్రమే చెప్పి ఊరుకోకుండా దుష్ప్రభావాలేమిటో, ఏ పిల్లలకి వేయకూడదో కూడా రాయాలంది. 2021 జూన్‌లో మేఘాలయ హైకోర్టు ఇంకోలా గీత గీసింది: దుకాణదారులు, ట్యాక్సీ డ్రైవర్లు టీకా వేసుకుంటేనే పని చేసుకోవాలన్న ఆదేశం చెల్లదు, అయితే పనివాళ్లు టీకా వేసుకున్నారో లేదో తెలిపే బోర్డు దుకాణం ముందు పెట్టాలి, వచ్చేవాళ్లే నిర్ణయించుకుంటారు అంది. సమాచారం అడగడం వేరు, సూది వేయించుకోమనడం వేరు. మీ నోట్ అంతా ఈ తేడా మీదే కట్టుకోవచ్చు.

ఇక బడి అధికారం సంగతి. మొదటి పరీక్ష చట్టం ఉండాలనే కదా. మశూచి రోజుల్లో మున్సిపాలిటీలకీ కంటోన్మెంట్లకీ 1880 నాటి టీకాల చట్టం ఉండేది, ఇప్పుడది అమల్లో లేదు. 1897 అంటువ్యాధుల చట్టం, 2005 విపత్తు నిర్వహణ చట్టం అధికారం ఇచ్చేది ప్రభుత్వానికి. పిల్లల టీకాలు వేయించకపోతే సీటు ఆపమని ప్రైవేటు బడికి అధికారమిచ్చే చట్టం నాకు తెలిసి ఆంధ్రప్రదేశ్‌లో లేదు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి విద్యాహక్కు చట్టం ఉండనే ఉంది. వయసు రుజువు లేదని కూడా సీటు కాదనకూడదని అందులో 14వ సెక్షన్. ముఖ్యంగా ఆ చట్టం పేద పిల్లలకి ఇచ్చిన 25 శాతం కోటాలో వచ్చేవాళ్లని టీకా కార్డు పేరుతో వెనక్కి పంపితే ఆ నిబంధన మొదటి నోటీసుకే కూలిపోతుంది. వలస కూలీల పిల్లల దగ్గర కార్డు లేకపోవడం మామూలే. సూది వద్దన్నవాళ్లకంటే ముందు దెబ్బ తగిలేది వాళ్లకే.

యూరప్ ఈ చిక్కుని ఎలా దాటిందో చూడండి. చెక్ దేశంలో టీకాలు వేయించని తండ్రికి 3,500 కొరునాల జరిమానా వేశారు, అంటే సుమారు 110 యూరోలు. కొందరి పిల్లల్ని నర్సరీల్లో చేర్చుకోలేదు. యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2021 ఏప్రిల్ 8న 17 మంది జడ్జీల్లో 16 మంది మెజారిటీతో దాన్ని సమర్థించింది. అయితే ఆ పిల్లలకి ప్రాథమిక పాఠశాల తలుపు మూయలేదు, ఎవరి చెయ్యీ పట్టుకుని సూది గుచ్చలేదు. కోర్టు ఈ రెండూ గమనించి మరీ రాసింది. ఇటలీలో 2017 చట్టం, జర్మనీలో 2020 తట్టు చట్టం కూడా దాదాపు అదే పద్ధతి: బడి చదువు తప్పనిసరి కాని వయసులో ప్రవేశం ఆపుతారు, తప్పనిసరైన వయసులో జరిమానాతో సరిపెడతారు. చదువు హక్కుని టీకాకి పణంగా పెట్టలేదన్నమాట. ఆ జరిమానా వేసే అధికారం కూడా ప్రభుత్వానిదే, బడిది కాదు.

కోల్డ్‌చైన్

లాపాయింట్ గారు చెప్పినదానికి తోడు, రెండో ప్రశ్నకి నేను జవాబు రాస్తాను. అన్నిటినీ ఒకే గాటన కట్టడం సబబు కాదు. "నీ స్వేచ్ఛ పక్కవాడికి హాని చేయనంతవరకే" అనే వాదన ప్రతి టీకాకీ ఒకే బలంతో పనిచేయదు.

ధనుర్వాతం మనిషి నుంచి మనిషికి అంటదు. ఆ టీకా వేయించకపోతే ప్రమాదం ఆ బిడ్డకే, పక్క బెంచీ బిడ్డకి కాదు. ధనుర్వాతం టీకాని తప్పనిసరి చేయాలంటే "బిడ్డ మేలు కోసం" అనే వాదనే చేయాలి, "ఊరి మేలు కోసం" అంటే అబద్ధమవుతుంది. క్షయకి వేసే బీసీజీ టీకా చంటిపిల్లల్లో మెదడుకి సోకే క్షయ లాంటి తీవ్రమైన రకాల నుంచి కాపాడుతుంది, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయ వ్యాప్తిని పెద్దగా ఆపదు. కంఠసర్పి టీకా ఆ క్రిమి వదిలే విషం మీద పనిచేస్తుంది, కాబట్టి టీకా ఉన్న బిడ్డ గొంతులో కూడా క్రిమి ఉండొచ్చు, జబ్బు మాత్రం ముదరదు. పోలియోలో ఇంజెక్షను పక్షవాతాన్ని బాగా ఆపుతుంది, పేగుల్లో వైరస్ పెరగకుండా ఆపడంలో నోటి చుక్కలదే పైచేయి.

వీటన్నిటికీ భిన్నం తట్టు. మన పెద్దలు చిన్నమ్మవారు, పొంగు అనేదీ ఇదే. వ్యక్తి స్వేచ్ఛకీ ఊరి క్షేమానికీ నిజంగా ముఖాముఖి వచ్చేది ఇక్కడ. లెక్క చూపిస్తాను.

ఎవరికీ రక్షణ లేని చోట ఒక తట్టు రోగి 12 నుంచి 18 మందికి అంటిస్తాడు. 15 అనుకుందాం. వ్యాప్తి ఆగాలంటే ఒక్కో రోగి నుంచి సగటున ఒకరికంటే తక్కువమందికి అంటాలి, అంటే రక్షణ లేనివాళ్లు 15లో ఒకటో వంతు, దాదాపు 6.7 శాతం దాటకూడదు. 9 నెలలకి వేసే మొదటి డోసు 100 మందిలో సుమారు 85 మందిలోనే పట్టుకుంటుంది, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఇంకా మిగిలి ఉండటం దానికో కారణం. కాబట్టి ఊళ్లో నూటికి నూరుమందికీ ఒక్క డోసు వేసినా 15 మంది మిగులుతారు. 15 శాతాన్ని 15తో గుణిస్తే 2.25. వ్యాప్తి ఆగదు. రెండు డోసులూ అయితే సుమారు 97 మందిలో పట్టుకుంటుంది. ఇప్పుడు మీ బడిలో 90 శాతం మందికి రెండు డోసులూ పడ్డాయనుకోండి: 90లో 97 శాతం 87.3, మిగిలింది 12.7, గుణిస్తే 1.9. ఇంకా ఆగదు. 97 శాతం మందికి పడితే మిగిలేది 5.9, గుణకం 0.9. అక్కడ ఆగుతుంది.

ఈ లెక్కలో రెండు సంగతులున్నాయి. "ఏదో పదిమంది వేయించుకోకపోతే ఏమవుతుంది" అనే మాట తట్టు దగ్గర చెల్లదు, వెసులుబాటు మూడు నాలుగు శాతమే. ఇక చాలా బళ్లలో ఆ మూడు శాతాన్ని తినేసేది టీకాల్ని వ్యతిరేకించేవాళ్లు కాదు, 16-24 నెలల మధ్య వేయించాల్సిన రెండో డోసు మరిచిపోయిన మామూలు తల్లిదండ్రులు. 9 నెలల టీకా తర్వాత పిల్లాడు నడక మొదలెడతాడు, తల్లి పనికి వెళ్తుంది, కార్డు బీరువాలోకి పోతుంది. వాళ్ల మీద బలప్రయోగం అక్కర్లేదు, గుర్తు చేస్తే చాలు. మీ కమిటీ పోట్లాడుతున్న ఇద్దరు ముగ్గురి కంటే ఈ గుంపు పెద్దది.

గోదారి గట్టు

ఒక సందేహమండీ. టీకా వేయించిన పిల్లలకి రక్షణ ఉంది కదా, మరి వేయించనివాళ్లని చూసి వాళ్లకి భయమెందుకు? మా ఇంట్లో రోజూ ఇదే వాదన.

కోల్డ్‌చైన్

రెండు డోసులూ వేసిన 100 మందిలో ముగ్గురికి పట్టుకోదు, ఆ ముగ్గురెవరో ముందుగా తెలియదు. 9 నెలలు నిండని చంటిపిల్లలకి మామూలు షెడ్యూల్లో ఈ టీకా లేదు. క్యాన్సర్‌కి కీమో తీసుకుంటున్న పిల్లలకి, రోజుకి కిలోకి 2 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాలకి మించి స్టెరాయిడ్ వాడుతున్న పిల్లలకి (నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బులో ఇది తరచూ ఉంటుంది) బతికున్న వైరస్‌తో చేసిన ఎంఆర్ టీకా వేయకూడదు. వాళ్లకి చుట్టూ ఉన్నవాళ్ల టీకాలే రక్షణ. మీ ఇంటి వాదనలో "వేయించుకున్నవాళ్లు" పక్కన "వేయించుకోలేనివాళ్లు" అనే మూడో గుంపుని చేర్చండి.

ఏజెన్సీ గొంతు

పైన అంతా బాగానే ఉంది కానీ, ఒకటి దాటేశారు. బలవంతం అనగానే పోలీసు, జరిమానా, చట్టం అనుకుంటున్నారు. మన దగ్గర బలవంతం అలా రాదు. వార్డెన్ సంతకం రూపంలో వస్తుంది.

2009లో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా చూసే టీకా అది. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన ప్రాజెక్టు. అందులో చాలామంది గిరిజన బాలికలు, ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చదివేవాళ్లు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదికలో లెక్కలున్నాయి: ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. తల్లిదండ్రులు ఊళ్లో పోడు చేసుకుంటుంటే, బిడ్డ ఒంటికి సంబంధించిన కాగితం మీద ప్రభుత్వోద్యోగి సంతకం పెట్టాడు. అది ఎవరి సమ్మతి?

ఈ ప్రాజెక్టు గుజరాత్‌లో కూడా నడిచింది, రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు, అందులో ఐదుగురు మనవైపు. ఆ మరణాలకీ టీకాకీ సంబంధం కనిపించలేదని విచారణ కమిటీ తేల్చింది. నేను దాన్ని కాదనడం లేదు, హెచ్‌పీవీ టీకా మంచిదే. కానీ సమ్మతి సరిగ్గా తీసుకోకపోవడం వల్ల, దుష్ప్రభావాల మీద నిఘా సరిగ్గా లేకపోవడం వల్ల, "సంబంధం లేదు" అన్న మాటని నమ్మేవాడు లేకుండా పోయాడు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. ఆ పేరు చెప్పుకుని దేశమంతటా ఆ టీకా మీద ఏళ్ల తరబడి అనుమానం నిలిచిపోయింది. ఆ అనుమానం ఖరీదు చెల్లించేది కూడా ఆ ఆడపిల్లలే.

బళ్లలో ఇవాళ్టికీ చూస్తాం: ముందు రోజు సాయంత్రం ఒక చీటీ, ఇంగ్లీషులోనో పుస్తకాల తెలుగులోనో, "రేపు టీకా, సంతకం చేయించుకు రా" అని. సంతకం లేకపోతే టీచర్ తిట్లు. సమ్మతి అంటే అది కాదు. కోయ పిల్లలకైతే ఆ భాష వచ్చిన మనిషి తల్లిదండ్రులకి చెప్పాలి. కనీసం వారం ముందు చెప్పాలి. కాగితంలో ఏ జబ్బుకి, ఎన్ని డోసులు, వేశాక మామూలుగా ఏముంటుంది, ఏముంటే పరుగెత్తాలి, ఎవరికి వేయకూడదు, వద్దంటే ఏమవుతుంది, ఎవరికి ఫోన్ చేయాలి అనే ఏడు సంగతులు ఉండాలి. "వద్దు" అని టిక్ పెట్టడానికి గడి లేని కాగితం సమ్మతి పత్రమే కాదు.

ఇంకో మాట. తప్పనిసరి చేసే ప్రభుత్వం నష్టపోయినవాడికి పరిహారం కూడా తప్పనిసరి చేయాలి. అమెరికాలో 1986 చట్టం కింద, ఎవరి తప్పో నిరూపించక్కర్లేకుండా పరిహారమిచ్చే నిధి ఉంది. ప్రతి డోసు మీద, అది ఆపే ఒక్కో జబ్బుకి 75 సెంట్ల చొప్పున పన్ను వేసి ఆ డబ్బు పోగేస్తారు. బ్రిటన్‌లో 1979 నుంచి ఉంది, ఇప్పుడు 1,20,000 పౌండ్లు, అయితే 60 శాతం వైకల్యం ఉంటేనే. మన కేంద్రం 2022 నవంబరులో సుప్రీంకోర్టులో ఏం చెప్పింది? కోవిడ్ టీకా చట్టప్రకారం తప్పనిసరి కాదు, స్వచ్ఛందంగా వేసుకున్నదానికి ప్రభుత్వం బాధ్యత వహించదు, నష్టపరిహారం కావాలంటే సివిల్ కోర్టుకి వెళ్లొచ్చు అని. టీకా సర్టిఫికెట్ లేకపోతే ఆఫీసు గేటు దాటనివ్వని రోజుల్లో వేసుకున్న మనిషికి "స్వచ్ఛందం" అనే మాట ఎలా వినిపిస్తుందో మీరే ఆలోచించండి.

డల్లాస్ తెలుగు

ఇక్కడి పద్ధతి కూడా చెబుతాను, ఎందుకంటే మన కమిటీలవాళ్లు "అమెరికాలో టీకా లేకపోతే బడిలోకే రానివ్వరు" అని ధీమాగా అంటుంటారు. రాష్ట్రానికో రకం.

టెక్సాస్‌లో 2003 నుంచి మనస్సాక్షి కారణంగా మినహాయింపు తీసుకోవచ్చు. నోటరీ చేసిన అఫిడవిట్ బడికిస్తే రెండేళ్లు చెల్లుతుంది. ఇదివరకు ఆ ఫారం ఆరోగ్యశాఖకి రాసి తెప్పించుకోవాలి, పోస్టులో వచ్చేది. 2025 సెప్టెంబరు నుంచి నెట్‌లో దించుకోవచ్చు. చిన్న మార్పులా ఉంటుంది గానీ చిన్నది కాదు. రెండు వారాలు పోస్టు కోసం ఆగాల్సి వస్తే, బద్ధకం కొద్దీ మినహాయింపు అడిగేవాడు సూదే వేయించేస్తాడు. నిజంగా అభ్యంతరం ఉన్నవాడు ఆగుతాడు. మినహాయింపు తీసుకోవడం టీకా వేయించడం కంటే సులువైతే బద్ధకస్తులంతా అటే పోతారు. అదే ఏడాది పశ్చిమ టెక్సాస్‌లో గెయిన్స్ కౌంటీ చుట్టూ మొదలైన తట్టు వ్యాప్తిలో 762 కేసులొచ్చాయి, టీకా లేని ఇద్దరు బడి పిల్లలు చనిపోయారు. అక్కడి కిండర్‌గార్టెన్‌లలో మినహాయింపు తీసుకున్నవాళ్లు నూటికి 18 మందికి దగ్గరగా ఉన్నారు. కోల్డ్‌చైన్ గారి లెక్కలో పెట్టి చూసుకోండి.

కాలిఫోర్నియా వ్యతిరేక దారి పట్టింది. డిస్నీల్యాండ్ నుంచి తట్టు పాకాక, 2016 జులై నుంచి వ్యక్తిగత నమ్మకాల మినహాయింపు తీసేసింది. కిండర్‌గార్టెన్ కవరేజీ ఒక్క ఏడాదిలో 92.8 నుంచి 95.6 శాతానికి పెరిగింది. ఆ వెంటనే ఇంకో కన్నం పడింది: వైద్య కారణాల మినహాయింపులు 0.2 నుంచి రెండేళ్లలో 0.7 శాతానికి ఎగబాకాయి. కొందరు డాక్టర్లు అడిగినవాడికల్లా చీటీ రాసిచ్చారు. దాన్ని పూడ్చడానికి 2019లో మరో చట్టం తేవాల్సి వచ్చింది. తలుపు పూర్తిగా మూస్తే కిటికీలు లెక్కపెట్టుకోవాలి.

రెండు రాష్ట్రాల్లోనూ ఒకటి మాత్రం సమానం. బడిలో తట్టు కేసు వస్తే, టీకా లేని పిల్లల్ని, ఏ మినహాయింపు ఉన్నా సరే, 21 రోజుల దాకా ఇంట్లో ఉంచమని ఆరోగ్యశాఖ చెప్పొచ్చు. మినహాయింపు ఫారం తీసుకునేటప్పుడే ఆ మాట రాతపూర్వకంగా చెబుతారు.

మీ కమిటీకి పాత ముచ్చట ఒకటి పనికొస్తుంది. 1905లో అమెరికా సుప్రీంకోర్టు జాకబ్‌సన్ కేసులో మశూచి టీకా ఆదేశాన్ని సమర్థించింది కదా, అక్కడ శిక్ష 5 డాలర్ల జరిమానా. అంతే. ఆ తీర్పుని చూపించి 1927లో బక్ వర్సెస్ బెల్ కేసులో ఒక యువతికి బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌ని అదే కోర్టు సమర్థించింది. టీకా అధికారం అంత దూరం సాగుతుందని రాసేశారు. ఏజెన్సీ గొంతు గారి భయం ఊరికే పుట్టలేదు.

కృష్ణాతీరం

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినవి పెట్టుకుని ముసాయిదా ఇలా రాశాను, తప్పులుంటే దిద్దండి:

"అడ్మిషన్ సమయంలో తల్లీబిడ్డ రక్షణ కార్డు నకలు ఇవ్వాలని కోరుతున్నాం. కార్డు లేకపోయినా, టీకాలు పూర్తి కాకపోయినా అడ్మిషన్ ఆపబోము. ఏవి మిగిలాయో 30 రోజుల్లో తల్లిదండ్రులకి విడిగా తెలియజేస్తాం. టీకా వద్దనుకునేవారు బడి ఇచ్చే ఫారంలో ఆ మాట రాసి సంతకం చేయాలి. బడిలో తట్టు కేసు బయటపడితే టీకా లేని పిల్లల్ని 21 రోజులు బడికి రానివ్వము. టీకా పూర్తికాని పిల్లల పేర్లు నోటీసు బోర్డులో ఉంచుతాం."

లాపాయింట్

చివరి వాక్యం కొట్టేయండి. మేఘాలయలో బోర్డు పెట్టమన్నది పెద్దవాళ్లు నడిపే దుకాణాలకి. ఇక్కడ పసిపిల్లల పేర్లు. బోర్డులో పెట్టడం అవమానించడమే, వాట్సాప్ గ్రూపులో పెట్టడం అంతకంటే ఘోరం. కార్డు నకళ్లు ఒక్క ఫైలులో, ఒక్కరి తాళంలో ఉండాలి.

21 రోజుల వాక్యాన్ని కూడా "జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి రాతపూర్వక సూచన మేరకు" అని మొదలుపెట్టండి. ఆ నిర్ణయం బడిది కాకూడదు, దానికి మీకు అధికారం లేదు, నైపుణ్యమూ లేదు. దాంతోపాటు ఆ మూడు వారాల పాఠాలు ఇంటికి పంపుతామని, హాజరు కోయబోమని రాయండి. ఒకవేళ ఎవరైనా కోర్టుకి వెళ్తే ఆంక్ష అవసరానికి మించిందా అని చూసేటప్పుడు ఈ వాక్యమే మిమ్మల్ని కాపాడుతుంది.

"వద్దు" అనే ఫారంలో కారణం రాయమని అడగకండి. ఇంగ్లండ్‌లో 1898లో మనస్సాక్షి మినహాయింపు ఇచ్చినప్పుడు తల్లిదండ్రులు ఇద్దరు మెజిస్ట్రేట్లని ఒప్పించాలన్నారు. కొన్ని చోట్ల మెజిస్ట్రేట్లు తిట్టి పంపేశారు, పేదవాళ్లకే ఎక్కువ చిక్కయింది, మళ్లీ ఊరేగింపులు, గొడవలు. 1907లో మామూలు ప్రమాణపత్రం చాలనేశారు. మీ ప్రిన్సిపాల్‌ని మెజిస్ట్రేట్ చేయొద్దు.

ఏజెన్సీ గొంతు

ఫారం తెలుగులో ఉండాలి, ఉర్దూ ఇళ్లకి ఉర్దూలో. వార్డెన్, టీచర్, క్లర్క్ సంతకం చెల్లదని ఫారం మీదే అచ్చు వేయించండి. వేలిముద్ర వేసేవాళ్లకి చదివి వినిపించినవాళ్ల పేరు, సంతకం పక్కన ఉండాలి. ఇవి ఉంటే నా అభ్యంతరం లేదు.

కోల్డ్‌చైన్

పని జరిగే చోట తప్పులు పడకుండా కొన్ని.

కార్డులో చూడాల్సినవి అన్నీ కాదు, వయసుని బట్టి. నర్సరీ పిల్లలకి 16-24 నెలల వరుస: ఎంఆర్ రెండో డోసు, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) మొదటి బూస్టరు, పోలియో బూస్టరు. ఒకటో తరగతికి 5-6 ఏళ్ల డీపీటీ రెండో బూస్టరు. ఎక్కువగా తప్పిపోయేది ఇదే, కంఠసర్పి మళ్లీ బడి వయసు పిల్లల్లో తేలడానికి ఒక కారణం కూడా ఇదే. ఆ డీపీటీ 7 ఏళ్లు నిండేలోపే, ఆ తర్వాత టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా). ఐదో తరగతిలో 10 ఏళ్ల టీడీ. ప్రభుత్వ కార్యక్రమంలో ఎంఆర్ 5 ఏళ్ల దాకా వేస్తారు. అది దాటిన బిడ్డకి పిల్లల డాక్టరు దగ్గర ఎంఎంఆర్ (తట్టు, రుబెల్లాలతో పాటు గవదబిళ్లలకి కూడా) రెండు డోసులు, మధ్య కనీసం 4 వారాలు.

కార్డు పోయినవాళ్లని ముందు ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త) రిజిస్టరులో, యూ-విన్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ టీకా రికార్డులో వెతకమనండి. 2017 ఆగస్టులో ఏపీ, తెలంగాణల్లో జరిగిన ఎంఆర్ క్యాంపులో చాలామంది పిల్లలకి టీకా పడింది గానీ అది చంటిబిడ్డల కార్డుల్లో ఎక్కనివి ఉన్నాయి, పెద్ద తరగతుల పిల్లల విషయంలో ఆ సంగతి అడగండి. ఏ ఆధారమూ దొరకకపోతే పడనట్టే లెక్క. ఎంఆర్ ఒక డోసు ఎక్కువైనా హాని లేదు. ధనుర్వాతం ఉన్న టీకాలు మరీ దగ్గర దగ్గరగా పడితే మాత్రం చెయ్యి బాగా వాస్తుంది, కాబట్టి అవి డాక్టరు చూసి నిర్ణయించాలి.

బడిలోనే సెషన్ పెడితే ఎంఆర్ సీసా 2-8 డిగ్రీల మధ్య, కలిపే ద్రవం కూడా అదే చల్లదనంలో ఉండాలి. సీసా కలిపిన టైము లేబుల్ మీద రాయాలి, 4 గంటలు దాటితే మందు మిగిలినా పారేయాలి. ఇందులో ప్రిజర్వేటివ్ లేదు, క్రిములు పెరుగుతాయి. టీకా మరణాల వార్తల వెనక తరచూ కనిపించే తప్పు ఇదే, లేదంటే కలిపే ద్రవానికి బదులు వేరే మందు వాడటం. డోసు అర మిల్లీలీటరు, కుడి భుజం మీద, చర్మం కింద. వేశాక అరగంట అక్కడే కూర్చోబెట్టాలి, అడ్రినలిన్ ఉన్న కిట్ గదిలోనే ఉండాలి. పెద్ద పిల్లల్ని వరసలో నిలబెట్టి ఒకరి ఎదుట ఒకరికి వేయకండి, భయంతో ఒకరు కళ్లు తిరిగి పడితే పదిమంది పడతారు. కూర్చోబెట్టి, తెర వెనక వేయాలి. తీవ్రమైనది ఏది జరిగినా 24 గంటల్లో జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి చేరాలి, బడి పరువు కోసం దాచకూడదు.

ఇక తట్టు కేసు వచ్చిన రోజు. దద్దుర్లకి 4 రోజుల ముందు నుంచి 4 రోజుల తర్వాత దాకా ఆ బిడ్డ నుంచి అంటుతుంది, అంటే మీకు తెలిసేసరికే తరగతి మొత్తం తగిలి ఉంటుంది. తగిలిన 72 గంటల్లో ఎంఆర్ వేస్తే జబ్బు రాకుండా ఆపే అవకాశం ఉంది. కాబట్టి ఆ రోజే పీహెచ్‌సీకి ఫోన్ చేయండి, "వద్దు" అని రాసిన తల్లిదండ్రులకి కూడా అదే రోజు ఫోన్ చేసి మళ్లీ అడగండి. కేసు పక్క బెంచీలో కనిపించాక మనసు మార్చుకునేవాళ్లు ఉంటారు. ఆ ఫోన్ చేయాల్సిన మనిషి పేరు ముసాయిదాలో ఇప్పుడే రాసిపెట్టుకోండి.